వాలంటీరు, వెట్టివాడు, ఓటరు

చట్టంలో కులం పేరు లేకపోతే ఆ చట్టానికి కులం లేదనుకోవడం మనకు అలవాటైపోయింది. వలస ప్రభుత్వపు చట్టాల విషయంలో ఈ మాట మరీ ఎక్కువగా వినబడుతుంది. 'ఇంగ్లీషువాడు మనువును పక్కనబెట్టి అందరికీ ఒకే చట్టం తెచ్చాడు గదా' అనేవాళ్ళు మన ఉద్యమాల్లో కూడా ఉన్నారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. బడి, కోర్టు, సైన్యం - ఈ మూడు చోట్లా మనోళ్ళకు కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. అయితే ఏ తలుపు ఎంతవరకు తెరిచారు, మళ్ళీ ఎప్పుడు మూశారు అనేది ఆ నిబంధనలు దగ్గరపెట్టుకుని చదివితేనే తెలుస్తుంది.

ఈ వ్యాసంలో మేం రెండు రకాల నిబంధనలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. ఒకటి, స్వచ్ఛంద సైనిక సేవకు సంబంధించినవి. రెండు, ఓటుకూ ఓటు వేసే చోటుకూ సంబంధించినవి. మాట గాల్లో తేలిపోకుండా ఉండడానికి నెల్లూరు తీరంలోని నాయుడుపేటను ఉదాహరణగా తీసుకుందాం. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఈ ఊరు అప్పట్లో నెల్లూరు జిల్లాలో, వెంకటగిరి జమీందారీలో ఉండేది. 2022లో తిరుపతి జిల్లాలో చేరింది.

ఇష్టపడి చేసే సేవ, కాదనలేని సేవ

1857 తిరుగుబాటు రోజుల్లో ప్రభుత్వం వాలంటీరు దళాల కోసం ఒక చట్టం చేసింది. 1869లో దాని స్థానంలో ఇండియన్ వాలంటీర్ల చట్టం వచ్చింది. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూనే, తీరిక వేళల్లో తుపాకీ శిక్షణ పొంది, అవసరమొస్తే ప్రభుత్వం తరపున నిలబడేవాడే వాలంటీరు. 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేకుండా తుపాకీ పట్టడం నేరమైంది. అదే కాలంలో వాలంటీరుకు మాత్రం ప్రభుత్వమే తుపాకీ ఇచ్చేది.

మరి ఈ దళాల్లో ఎవరున్నారు? ఆచరణలో యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లు. నాయుడుపేట మీదుగా మద్రాసుకు పోయే రైలు మార్గం మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీ చేతికి వచ్చింది. ఆ కంపెనీ ఉద్యోగులకు సొంత వాలంటీరు రైఫిల్ దళం ఉండేది. డ్రైవరు, గార్డు, ఇన్‌స్పెక్టరు కొలువుల్లో ఉన్న తెల్లవాళ్ళూ ఆంగ్లో ఇండియన్లూ అందులో వాలంటీర్లు. కట్ట మీద మట్టి మోసి, పట్టాల కింద కంకర కొట్టే గ్యాంగుకూలీకి అందులో చోటు లేదు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. వాలంటీర్ల మొదటి చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, అంటే 1858లో, మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. వరదకు చెరువు కట్టగానీ కాలవ గట్టుగానీ తెగేలా ఉంటే, దగ్గర్లో ఉన్న శ్రామిక వర్గాల మగవాళ్ళను పనికి రమ్మని ఆజ్ఞాపించే అధికారం ఆ చట్టం అధికారులకు ఇచ్చింది. కూలి ఇవ్వాలనే ఉంది. కాదనే హక్కు మాత్రం లేదు, రాకపోతే శిక్ష. ఇందులోనూ కులం పేరు లేదు. కానీ చెరువుల మీద బతికే నెల్లూరు సీమలో 'శ్రామిక వర్గం' అంటే ఏ పాళెం నుంచి మనుషుల్ని తోలుకొస్తారో ఎవరికి తెలియదు? కట్ట కింద భూమి ఊళ్ళో వాళ్ళది. కట్ట మీద రాత్రంతా మట్టి మోయాల్సింది పాళెం వాళ్ళు.

దీనికి తోడు గ్రామసేవ ఉంది. జమీందారీ ప్రాంతాల గ్రామసేవకు 1894లో ఒక చట్టం, వంశపారంపర్య గ్రామోద్యోగాలకు 1895లో ఇంకో చట్టం వచ్చాయి. కరణం, మునసబుతో పాటు తలారి, వెట్టి, నీరుగంటి కూడా లెక్కకెక్కారు. తండ్రి చేసిన కొలువు కొడుక్కు పోతుంది. కరణం కొడుక్కు కరణీకం అధికారంగా దక్కితే, వెట్టివాడి కొడుక్కు వెట్టి బరువుగా దక్కింది. ఆనాటి ఆచారానికి చట్టం ముద్ర వేసింది. ఈ వంశపారంపర్య హక్కు రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు గాజుల దశరథరామారావు కేసులో 1960 డిసెంబరులో తీర్పు చెప్పింది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది.

ఒకే ప్రభుత్వం, ఒకే కాలం. ఒకడి సేవ పేరు వాలంటీరు, ఇంకొకడి సేవ పేరు వెట్టి. తీరిక ఉన్నవాడి సేవ గౌరవమైంది. తీరికే లేనివాడి సేవ బాధ్యత అయింది.

భారతీయులను కూడా వాలంటీర్లుగా చేర్చుకోవాలని 1886 కలకత్తా సభలో కాంగ్రెసు తీర్మానం చేసింది. ఆ కోరిక న్యాయమైనదే. కానీ అడిగింది చదువూ ఆస్తీ ఉన్నవాళ్ళు, అడిగింది తమ కోసం. వెట్టి సంగతి ఆ తీర్మానంలో లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ వచ్చినప్పుడు భారతీయులకు స్వచ్ఛందంగా చేరే అవకాశం ఇచ్చారు. 1920లో దాన్ని రెండుగా చీల్చారు. తెల్లవాళ్ళకూ ఆంగ్లో ఇండియన్లకూ ఆగ్జిలరీ ఫోర్స్, భారతీయులకు టెరిటోరియల్ ఫోర్స్.

సైన్యం ఇచ్చిన ఓటు

ఇక ఓటు సంగతి. 1919 సంస్కరణల కింద మద్రాసు శాసనమండలికి 1920లో ఎన్నికలు జరిగాయి. రాజధానిలో 4 కోట్లకు పైగా జనం ఉంటే ఓటర్లు సుమారు పన్నెండున్నర లక్షలే. గ్రామాల్లో ఓటుకు ప్రధానమైన కొలత భూమి. ఏడాదికి కనీసం 10 రూపాయల కౌలు విలువ చేసే భూమి పేరు మీద ఉండాలి. నాయుడుపేట మాలపాళెంలోనో మాదిగపాళెంలోనో జీతానికుండే పాలేరుకు పట్టా ఎక్కడిది? ఇక్కడా కులం మాట లేదు, పట్టా మాటే ఉంది.

అయితే అదే నిబంధనల్లో ఇంకో వాక్యం ఉంది. మన పరిశోధకులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ప్రభుత్వపు రెగ్యులర్ సైన్యంలో పనిచేసి రిటైరైన, పెన్షను పొందిన, లేదా డిశ్చార్జి అయిన సైనికుడికి భూమితో పనిలేకుండా ఓటు ఇచ్చారు. 1935 చట్టంలోనూ ఇది కొనసాగింది. సైనికుడి తరపున పెన్షను పొందే వితంతువుకూ, పెన్షను పొందే తల్లికీ కూడా ఓటు వచ్చింది. సెంటు భూమి లేని దళితుడు ఓటరు కావడానికి ఇది ఒక దారి.

ఈ దారిని అంతకుముందే ఇరుకు చేసిపెట్టారు. మద్రాసు సైన్యంలో దళిత కులాల వాళ్ళు కంపెనీ కాలం నుంచీ ఉన్నారు. 1880ల నుంచి లార్డ్ రాబర్ట్స్ వంటి సేనాపతులు 'యుద్ధజాతుల' సిద్ధాంతం పట్టుకుని దక్షిణాది పటాలాలను తగ్గించుకుంటూ వచ్చారు. మహార్‌లను చేర్చుకోవడం ఆపేస్తే 1894లో గోపాల్ బాబా వలంగ్‌కర్ విన్నపం తయారుచేశాడు. యుద్ధం ముంచుకొచ్చి 1917లో 111వ మహార్ పటాలం పెట్టారు. యుద్ధం అయిపోగానే 1921లో ఎత్తేశారు. మన వైపు పార, గునపం పట్టే మద్రాస్ పయనీర్లను 1933లో రద్దు చేశారు. అంటే, సైనికుడికి ఓటు అని రాసిన రోజుల్లోనే సైన్యంలో మన చోటు తగ్గిపోతూ ఉంది. రాసింది 'రెగ్యులర్ సైన్యం' అని కాబట్టి గ్రామసేవలో జీవితమంతా అరగదీసిన వెట్టివాడికి అది వర్తించదు. ప్రభుత్వ సేవే చేశాడు. ఓటు రాలేదు.

ఓటు వేసే చోటు

జాబితాలో పేరున్నంత మాత్రాన ఓటు పడదు. ఓటు వేసే చోటికి పోవాలి, లోపలికి అడుగుపెట్టాలి. తాలూకా కచేరీ, బడి, సత్రం, చావడి - అప్పటి పల్లెల్లో సర్కారుకు అందుబాటులో ఉన్న కట్టడాలు ఇవే. అన్నీ ఊళ్ళో ఉన్నవే. పాళెంలో సర్కారు కట్టడం ఏముంది?

ఈ చోట్లలోకి మనల్ని రానివ్వలేదనడానికి సాక్ష్యం శాసనమండలి రికార్డే. 1924 ఆగస్టులో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టారు. ప్రజాధనంతో నడిచే బాటలు, బావులు, చెరువులు, సత్రాలు, కచేరీలు అన్ని కులాలకూ తెరిచి ఉండాలన్నదే ఆ తీర్మానం. అది నెగ్గింది, ప్రభుత్వ ఉత్తర్వూ వచ్చింది. 1920 ఎన్నికలు జరిగిన నాలుగేళ్ళకు ఇలాంటి తీర్మానం అవసరమైందంటే, ఆ ఎన్నికల నాడు పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. 1938లో ఎం.సి. రాజా కృషితో పౌర అశక్తతల తొలగింపు చట్టం కూడా చేయాల్సి వచ్చింది. అంటే 1924 ఉత్తర్వు ఊళ్ళోకి చేరలేదన్నమాట.

1937 ఎన్నికల్లో మద్రాసు రాజధానిలో రంగు పెట్టెలు పెట్టారు. కాంగ్రెసుది పసుపు పెట్టె. చదువురాని వాళ్ళకు ఇది మేలే చేసింది. పూనా ఒప్పందం ప్రకారం 215 శాసనసభ స్థానాల్లో 30 మనకు కేటాయించారు. కానీ సాధారణ ఓటర్లలో పట్టాదారులదే పైచేయి కాబట్టి, మన స్థానంలో ఎవరు గెలవాలో తేల్చే శక్తి కూడా వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది. అంబేడ్కర్ 1919లో సౌత్‌బరో కమిటీ ముందు ఓటు అర్హతను అంటరాని కులాలకు బాగా తగ్గించమన్నది, 1928లో సైమన్ కమిషన్‌కు ఇచ్చిన వినతిలో వయోజన ఓటు అడిగింది ఇందుకే.

ఆ వయోజన ఓటు 1951-52 ఎన్నికలతో వచ్చింది. నాయుడుపేట ఓట్లు ఇప్పుడు సూళ్ళూరుపేట రిజర్వుడు నియోజకవర్గంలో పడతాయి. ఓటు వేయకుండా దళితుల్ని అడ్డుకోవడాన్నీ బెదిరించడాన్నీ 1989 అత్యాచారాల నిరోధక చట్టం నేరమంది. పట్టా అడిగేవాడు లేడు, డిశ్చార్జి కాగితం అడిగేవాడూ లేడు. మిగిలింది చోటు సంగతి.

అందుకని ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ కార్యకర్తలకూ మేం ఒక పని సూచిస్తున్నాం. మీ ఊళ్ళో పోలింగు కేంద్రం ఎక్కడ పెడుతున్నారో రాసుకోండి. అది ఊళ్ళో ఉందా, వాడలో ఉందా? వాడ నుంచి అక్కడికి పోయే దారి ఎవరి ఇళ్ళ ముందు నుంచి పోతుంది? ఇదివరకు అక్కడ గొడవ జరిగిందా? బలహీన వర్గాల నివాసాల్లో కేంద్రాలు పెట్టే విషయం ఎన్నికల సంఘం సూచనల్లోనే ఉంది. పోలింగు కేంద్రాల జాబితా ముసాయిదా ప్రచురించినప్పుడు అభ్యంతరం చెప్పడానికి గడువు ఇస్తారు. ఆ గడువులోపల, రాసుకున్న వివరాలతో, వాడ మొత్తం సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి. నిబంధన రాసేటప్పుడు మనల్ని అడగలేదు. అమలు చేసేటప్పుడైనా మనం అక్కడ ఉండాలి.