గీతలలో కలుపు

పిల్లలూ! మన కృష్ణా డెల్టాలో వరి నాట్లు వేసిన కొద్ది రోజులకే ఊద అనే కలుపు మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు అది అచ్చం వరిలాగే కనబడుతుంది. తెలియనివాడు ఊద అనుకొని వరిని పీకేస్తాడు. తెలిసినవాడు ఆకు మొదలు చూస్తాడు. ఆకు కాడను కలిసే చోట వరికి పలుచని పొర ఉంటుంది, ఊదకు ఉండదు.

కంప్యూటరు ప్రోగ్రాములలోనూ ఇటువంటి కలుపు ఉన్నదంటే నమ్ముతారా?

మొన్న వేసవి సెలవులకు మా మనుమడు విజయవాడ నుండి వచ్చాడు. మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాల జాబితా చూపే ప్రోగ్రాము ఒకటి ఉన్నది. దాని నిండా వెనక్కు వాలిన గీతలు ( \ ) ఉన్నాయి. “ఇంత చెత్త ఎందుకు తాతయ్యా!” అంటూ వాడు గీతలన్నిటినీ ఒక్కసారిగా తీసేశాడు. అంతే, ప్రోగ్రాము ఆగిపోయింది! పుస్తకాల కోసం వచ్చిన పిల్లలు వట్టి చేతులతో ఇళ్లకు పోయారు.

అసలు ఆ గీత చేసే పని ఏమిటి? పైథాన్ అనే ప్రోగ్రాము భాషలో వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య వ్రాస్తారు. రెండవ గుర్తు కనబడగానే వాక్యం అయిపోయిందని కంప్యూటరు అనుకుంటుంది. మరి వాక్యం మధ్యలోనే ఆ గుర్తు రావలసి వస్తే? దాని ముందు గీత పెడతారు. “ఇది ముగింపు కాదు” అని చెప్పటమన్నమాట.

"అమ్మ \"రా!\" అన్నది"

ఈ గీతలు వరి. తీస్తే వాక్యం ‘అమ్మ’ దగ్గరే తెగిపోతుంది.

"రమణ \'సరే\' అన్నాడు"

ఈ గీతలు ఊద. బయట ఉన్నవి జంట గుర్తులు, లోపల ఉన్నవి ఒంటి గుర్తులు. కంప్యూటరు పొరబడదు. తీసినా ఏమీ మారదు. ఉంచితే మాత్రం చదివేవాడు, ఇవి ఎందుకున్నాయో తెలియక తికమకపడతాడు.

ఇంకొక రకం ఉన్నది. గీత పక్కన ఇంగ్లీషు ‘ఎన్’ అక్షరం ఉంటే, “కొత్త పంక్తి మొదలుపెట్టు” అని ఆజ్ఞ. గీత తీస్తే పంక్తి మారదు, ఉత్త ‘ఎన్’ మిగులుతుంది.

ఈ గీతను కంప్యూటరు అక్షరాలలో చేర్పించినవాడు అమెరికా దేశస్థుడు బాబ్ బెమర్. 1963లో వెలువడిన ఆస్కీ అనే అక్షరాల పట్టికలో దీనికి చోటు దొరికింది.

“ఒరే అబ్బాయ్, కలుపు కొడవలితో కోస్తారా, చూసి పీకుతారా?” అని అడిగాను. వాడు సిగ్గుపడి, పాత ప్రతిని తిరిగి పెట్టాడు. ఒక్కొక్క గీత దగ్గరా ఆగి, “నువ్వు లేకపోతే ఏమవుతుంది?” అని ఆలోచించాడు. ఒకటి తీసినప్పుడల్లా ప్రోగ్రామును నడిపి చూశాడు. మర్నాడు సాయంత్రానికి ఊద పోయింది, వరి మిగిలింది. పిల్లలకు పుస్తకాలు దొరికాయి.

ఇప్పుడు మీకొక ప్రశ్న:

'అన్న \"పద\" అన్నాడు'

ఈ గీతలు వరా, ఊదా? బయటి గుర్తులను బాగా చూసి చెప్పండి!