సానపట్టిన రాయి, లక్క, స్పిరిటు

రత్నములకు సానపట్టు పనివాడు చిన్న రాతిని వ్రేళ్లతో పట్టుకొని పని చేయజాలడు. పుల్ల చివర లక్కను వేడిచేసి, దానిలో రాతిని నాటి, ఆ పుల్లను పట్టుకొని తిరుగు చక్రమున కానించును. పచ్చల పనికి పేరొందిన జయపురమునందును ఈ పద్ధతి కలదు. నేడు కొందరు లక్కకు బదులు ఎపాక్సీ జిగురును వాడుచున్నారు. పని ముగిసిన పిమ్మట రాతిని విడదీయవలెను గదా! ద్రవముల యవసరము ఇక్కడ వచ్చుచున్నది.

లక్క నీటిలో కరగదు, స్పిరిటులో కరగును. మన యింటి బల్లలకు వడ్రంగి పూయు లక్కపాలిషు ఇట్టి ద్రావణమే. ఎపాక్సీ స్పిరిటునకు సులభముగా లొంగదు. ఎసిటోనులో చాలసేపు నానిననే మెత్తబడి యూడును. ఏమియు నింపని కెంపునకు, నీలమునకు వీనివలన హాని లేదు.

పచ్చ సంగతి వేరు. పచ్చలో సన్నని పగుళ్లుండుట సహజము. అవి కనబడకుండ నూనె పట్టించుట పాత యాచారము. ముడిరాతి దశనుండియే పట్టించుటయు కలదు. లక్కను కరిగించు స్పిరిటు ఆ నూనెను సైతము లాగివేయును. అంతవరకు నిర్మలముగా దోచిన రాతిలో పగుళ్లు తెల్లని గీతలై బయటపడును, వెల పడిపోవును. కావున పచ్చను నానబెట్టక, లక్కను మెల్లగా వెచ్చజేసి రాతిని వేరుచేసి, మిగిలినదానిని కొయ్యపుల్లతో తీయుటయే మేలని మా యభిప్రాయము.

నిజమునకు సానశాలలో మిక్కిలి యక్కరకు వచ్చునది సబ్బునీరే. ముతక పొడి రేణువొక్కటి రాతి నంటుకొని మెరుగుచక్రము మీదికి వచ్చినచో, నునుపైన ముఖమంతయు గీతలు పడును. అందువలన ఒక చక్రమునుండి మరియొక చక్రమునకు పోవునప్పుడెల్ల రాతిని, పుల్లను, చేతులను కూడ కడుగవలెను.

ఇక నిప్పు మాట. ఎసిటోను సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటిగ్రేడు చలిలోను అంటుకొనగల యావిరిని వెలువరించును. ఆ యావిరి గాలికంటె బరువై నేలవెంట ప్రాకును. లక్కను కాచు దీపము ఆ గదిలోనే యున్న సంగతి మరువరాదు! మూత గల సీసా, తెరచిన కిటికీ, దీపమునకు దూరము: ఈ మూడును తప్పనిసరి. పూర్వము విరివిగా వాడిన బెంజీను రక్తమున కేన్సరు కలిగించునని తేలినది, దానిని దరిజేరనీయరాదు.

గోళ్లరంగు తుడుచు ద్రవములలో పెక్కింటియందు ఉన్నది ఈ ఎసిటోనే. పచ్చల యుంగరము ధరించిన సోదరీమణులు ముందుగా దానిని తీసి ప్రక్కన బెట్టుకొనవలెను. మురికి పట్టినచో గోరువెచ్చని సబ్బునీటిలో ముంచిన మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. నూనె వీడిన పచ్చకు పనివారు మరల నూనె పట్టింపగలరు.