ఒకరి మాట, మరొకరి ఆరు గంటలు

సినిమా చూడమని చెప్పడానికీ, సిరీస్ చూడమని చెప్పడానికీ చాలా తేడా ఉంది. సినిమా రెండున్నర గంటల్లో ముగుస్తుంది కనుక, నచ్చకపోయినా పోయేది ఒక సాయంత్రమే. సిరీస్ అంటే ఒకే కథను, లేదా ఒకే పాత్రల జీవితాన్ని, భాగాలుగా విడదీసి చెప్పే దృశ్యరచన. ఒక్కొక్క భాగాన్ని ఎపిసోడ్ అనీ, ఒక విడతలో వచ్చే భాగాలన్నిటినీ కలిపి సీజన్ అనీ అంటారు. ఎనిమిది ఎపిసోడ్ల సీజన్, ఎపిసోడ్‌కు ముప్పావు గంట చొప్పున వేసుకున్నా, ఆరు గంటలు పడుతుంది. మూడు సీజన్లుంటే అది పద్దెనిమిది గంటలవుతుంది. ఆ భాగాలను వారానికొకటిగా కాక, ఏకబిగిన ఒక రాత్రిలోనో రెండు రోజుల్లోనో చూసి ముగించడమే నేడు బింజ్ వాచింగ్ పేరుతో అందరి నోటా నానుతున్న అలవాటు. ‘బాగుంది, చూడు’ అనే చిన్న మాటను నమ్మి ఎదుటివారు తమ నిద్రనూ మరుసటి పొద్దు పనినీ పక్కన పెడతారు కాబట్టి, ఆ మాటను ఎలా చెప్పాలన్నది తీరికగా ఆలోచించవలసిన విషయమే.

ఈ విషయాన్ని నంద్యాల, ఆళ్లగడ్డల వైపు నుంచి చూడటానికి బలమైన కారణాలున్నాయి. కర్నూలు నుంచి కడపకు పోయే రహదారి మీదున్న ఈ రెండు పట్టణాలు, 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో భాగంగా ఉండేవి. భారతదేశంలో ఉపగ్రహం ద్వారా గ్రామాలకు టెలివిజన్‌ను చేర్చిన తొలి ప్రయోగం, అంటే 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సాగిన ‘సైట్’ కోసం ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాలలో ఆనాటి కర్నూలు జిల్లా ఒకటి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి వచ్చే ప్రసారాలను, ఇస్రో ఏర్పాట్లతో, ఆరు రాష్ట్రాలలోని దాదాపు 2,400 గ్రామాలలో పెట్టిన సామూహిక టెలివిజన్ పెట్టెలు అందుకునేవి. ఉదయం బడిపిల్లల కోసం గంటన్నర, సాయంత్రం పెద్దల కోసం రెండున్నర గంటలు కార్యక్రమాలు వచ్చేవి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలు కావడానికి రెండేళ్ల ముందే, రాయలసీమలోని కొన్ని పల్లెలు టెలివిజన్‌ను చూశాయన్నమాట. అదీ ఇంట్లో కాదు, నలుగురి మధ్య కూర్చుని. చూసినదాని గురించి మాట్లాడుకోవడం ఆ చూపులోనే కలిసి ఉండేది. ప్రసారం అయిన తరువాత జనం ఏమి గ్రహించారో, ఏమనుకున్నారో తెలుసుకోవడానికి పరిశోధకులు కొన్ని గ్రామాలలో నివాసముండి అధ్యయనం చేయడం కూడా ఆ ప్రయోగంలో భాగమే.

తరువాత వచ్చిన ధారావాహికలు ఆ కలయికను మరో రూపంలో నిలబెట్టాయి. 1984 జూలైలో దూరదర్శన్‌లో మొదలైన ‘హమ్ లోగ్’, 1987 జనవరిలో మొదలైన రామానంద్ సాగర్ ‘రామాయణ్’, 1988 అక్టోబరులో మొదలైన బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ హిందీలోనే వచ్చినా, వాటి కోసం టెలివిజన్ ఉన్న ఇంటి ముందు వీధి వీధంతా చేరిన సంగతి ఆ తరం వారందరికీ తెలుసు. తెలుగులో మంజులా నాయుడు దర్శకత్వంలో వచ్చిన ‘ఋతురాగాలు’, ఆ తరువాత జెమినీ టీవీలో వచ్చిన ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ ఆ స్థానాన్ని తీసుకున్నాయి. ఈ ధారావాహికలన్నిటిలోనూ ఒక సమానత ఉండేది: ప్రేక్షకులందరూ ఏ రోజుకారోజు కథలో ఒకే చోట ఉండేవారు. నంద్యాలలో చూసిన వారికీ, ఆళ్లగడ్డలో చూసిన వారికీ తెలిసినది అంతే, తెలియనిదీ అంతే. కాబట్టి అభిప్రాయమంటే చాలావరకు ఊహ. రేపు ఏమి జరుగుతుంది, ఆ పాత్ర చేసింది న్యాయమేనా అన్న వాదన. కథ ఇంకా ముగియలేదు కనుక ఎవరి తీర్పూ అంతిమం కాదు, ఎవరి మాటా మరొకరి ఆనందాన్ని చెడగొట్టదు.

ఆ సమానతను చెదరగొట్టినది సాంకేతికతకన్నా విడుదల పద్ధతి. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ సంస్థ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ తొలి సీజన్‌లోని 13 ఎపిసోడ్లనూ ఒకేసారి ప్రేక్షకుల ముందు పెట్టింది. 2016 జనవరిలో ఆ సంస్థ భారతదేశానికి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో జియో రావడంతో మొబైల్ డేటా ధర పడిపోయి, అంతదాకా పట్టణాలలోని కొందరికే అందుబాటులో ఉన్న ఇంటర్‌నెట్ వీడియో చిన్న ఊళ్లకూ చేరింది. 2020 మార్చి 25న, అంటే ఉగాదినాడు, తెలుగుకే ప్రత్యేకించిన ‘ఆహా’ లాంఛనంగా మొదలైన రోజే దేశమంతటా లాక్‌డౌన్ కూడా మొదలైంది. ఇళ్లలో చిక్కుకున్న జనానికి ఏకబిగిన చూడటం అప్పుడే బాగా అలవాటైంది. దానితో ఒకరు మొదటి భాగంలో, మరొకరు ఆరో భాగంలో, ఇంకొకరు ముగింపులో ఉండే పరిస్థితి వచ్చింది. కథలోని మలుపును ముందే చెప్పేసి ఎదుటివారి ఆసక్తిని చంపే మాటను స్పాయిలర్ అంటారు. అది ఇంత పెద్ద తప్పుగా ఎంచబడటానికి కారణం ఈ ఎగుడుదిగుడే.

ఏకబిగిన చూడటానికి ప్రేక్షకుడి బలహీనత ఒక్కటే కారణమనడం అన్యాయం. ఎపిసోడ్‌ను ముడి విప్పకుండా, ప్రమాదపు అంచున నిలిపి ముగించే ఎత్తుగడ తెలుగు పాఠకులకు కొత్తది కాదు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో భాగాలుగానే వెలువడింది, వారపత్రికల సీరియల్ నవలలు ఒక శతాబ్దం తరువాత కూడా అదే పట్టుతో పాఠకులను నిలబెట్టాయి. అయితే పత్రిక తరువాతి సంచికకు వారం ఆగక తప్పేది కాదు. ఇప్పుడు ఒక ఎపిసోడ్ ముగిసిన కొన్ని క్షణాలకే తరువాతిది దానంతట అదే మొదలవుతుంది. ఆపడానికి ప్రయత్నం కావాలి, సాగడానికి అక్కరలేదు. 18 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న 423 మందిపై జరిపి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తరచుగా ఇలా చూసేవారిలో నిద్ర నాణ్యత తక్కువగా ఉన్నట్టు, పడుకునే ముందు మనసు ఉద్రిక్తంగా ఉండటమే దానికి దారి తీస్తున్నట్టు తేలింది. బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరున్న నంద్యాలలో, గదులు తీసుకుని చదువుకునే యువతీయువకులు ఎంతమంది ఉంటారో ఎరిగినవారికి ఈ విషయం దూరపు సంగతిగా తోచదు. పరీక్ష వారంలో ఉన్న స్నేహితుడికి తెగని ఉత్కంఠ ఉన్న సిరీస్‌ను సూచించడం మేలు చేయడం కాదు.

అదే ఏడాది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన మరో చిన్న ప్రయోగం అభిప్రాయాల గురించి ఇంకా సూటిగా చెబుతుంది. ఒకే సిరీస్‌ను కొందరు ఏకబిగిన, కొందరు రోజుకొకటిగా, కొందరు వారానికొకటిగా చూశారు. ఏకబిగిన చూసినవారికి మరుసటి రోజు కథ అందరికన్నా బాగా గుర్తుంది, కాని కాలం గడిచేకొద్దీ అందరికన్నా వేగంగా మరుపున పడింది. పైగా సిరీస్‌ను తక్కువ ఆస్వాదించామని చెప్పినది కూడా వారే. పాల్గొన్నవారు కొద్దిమందే అయినా, రాత్రంతా చూసి తెల్లవారే ‘అద్భుతం’ అని ప్రకటించే తీర్పును కొంత కాలం ఆగి మళ్లీ తూచవలసి ఉంటుందని దీనినుంచి గ్రహించవచ్చు. చాలా సిరీస్‌లకు సీజన్ల మధ్య పెద్ద విరామం ఉంటుంది కనుక ఈ మరుపు మరీ ముఖ్యం. రాయలసీమ నుంచి వెళ్లిన రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. రూపొందించిన ‘ది ఫ్యామిలీ మ్యాన్’ రెండో సీజన్ 2021 జూన్‌లో రాగా, మూడోది 2025 నవంబరులో వచ్చింది. ఇలాంటి సిరీస్‌ను సూచించేవారు పాత సీజన్‌ను మళ్లీ చూడాలా, అక్కరలేదా అన్నది కూడా చెప్పాలి.

సిరీస్‌లు అన్నీ ఒకే తీరున చూడదగినవి కావు. గుణ్ణం గంగరాజు సృష్టించిన ‘అమృతం’ వంటి హాస్య ధారావాహికలో ఏ భాగానికాభాగం కథ ముగుస్తుంది. దానిని రాత్రి భోజనం తరువాత ఒక్కటి చూసి లేవడమే సరైన ఆస్వాదన, పది వరుసగా చూస్తే నవ్వు పలచబడుతుంది. విక్రమ్ కె. కుమార్ దర్శకత్వంలో నాగచైతన్య నటించిన ఎనిమిది భాగాల ‘దూత’ (2023) అలా కాదు. రాబోయే కీడును ముందుగా చెప్పే వార్తాపత్రిక ముక్కల చుట్టూ అల్లిన ఆ కథలో ఆధారాలు ఒక భాగం నుంచి మరో భాగానికి పాకుతాయి కనుక, వారాల ఎడం ఇస్తే పోగు తెగుతుంది. ‘పంచాయత్’ ఆధారంగా తెలంగాణ పల్లె నేపథ్యంతో వచ్చిన ‘సివరపల్లి’ (2025) హిందీ మాతృకను చూడనివారిని బాగా ఆకట్టుకోగలదు, చూసినవారికి మాత్రం చాలా సన్నివేశాలు ముందే తెలిసినట్టు అనిపిస్తాయి. ‘బాగుంది’ అనే ఒక్క మాటలో ఈ తేడాలేవీ ఇమడవు.

భాష సంగతి నంద్యాలలో ప్రత్యేకంగా ఆలోచించదగినది. ఉర్దూ మాట్లాడే కుటుంబాలు గణనీయంగా ఉన్న ఆ పట్టణంలో, ఒకే హిందీ సిరీస్‌ను ఒక ఇంట్లో అసలు భాషలోనూ, పక్కింట్లో తెలుగు అనువాద గాత్రంతోనూ, అంటే డబ్బింగ్‌లోనూ చూడటం సహజం. రెండు ఇళ్లూ చూసినది ఒకే కథ అయినా, ఒకే అనుభవం కాదు. డబ్బింగ్‌లో మాటల యాస, చమత్కారం, పాత్రల మధ్య ఎచ్చుతగ్గులను తెలిపే పిలుపులు ఎంతో కొంత మారిపోతాయి. కనుక ఏ భాషలో చూశామో చెప్పని అభిప్రాయం సగం అభిప్రాయమే. ఇంట్లో ఎవరెవరు కలిసి చూస్తారన్నది కూడా అంతే ముఖ్యం. కుటుంబ కథానాయకుడిగా పేరున్న వెంకటేశ్ నటించిన ‘రానా నాయుడు’ (2023) మీద తెలుగు ప్రేక్షకులలో వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం కథ మీద కాదు, అందులోని బూతుల మీద, శృంగార సన్నివేశాల మీద. పేరును చూసి ఇంటిల్లిపాదీ కూర్చున్నవారికి ఎవరైనా ఒక మాట ముందే చెప్పి ఉంటే ఆ ఇబ్బంది తప్పేది. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రతి సిరీస్‌కూ వయసు వర్గీకరణ ఉండాలి. అయినా దానిని చదివేవారికన్నా తెలిసినవారి మాట వినేవారే ఎక్కువ. ఆదిత్య హాసన్ తీసిన ‘నైంటీస్’ (2024) మూడు తరాలు ఒక గదిలో కూర్చుని చూడగలిగిన సిరీస్‌గా ఇంటింటికీ పాకడానికి కారణం కూడా ఇలాంటి మాటే.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రేక్షకులు మరెవరికన్నా అధికారంతో మాట్లాడగలిగిన రంగం మరొకటి ఉంది: తెర మీద కనిపించే రాయలసీమ. ఊరిలోని రెండు కుటుంబాలు లేదా వర్గాల మధ్య తరాల తరబడి సాగే కక్షను ఫ్యాక్షన్ అంటారు. అది ఈ ప్రాంతపు చరిత్రలో ఉన్నదే, అందులో ప్రాణాలు పోయినదీ నిజమే. అయితే ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఆది’, ‘ఇంద్ర’ (2002) వంటి సినిమాల వరుసతో సీమ అంటే బాంబులూ వేటకొడవళ్లూ మాత్రమే అన్న బొమ్మ తెలుగువారి మనసుల్లో గడ్డకట్టింది. రెండున్నర గంటల సినిమాకు నాయకుడు, పగ, గెలుపు చాలు. కరువు, బోరుబావి అప్పు, కర్నూలు-కడప (కె.సి.) కాలువ నీటి కోసం ఎదురుచూపు, హత్య జరిగిన ఇంట్లో మిగిలిన ఆడవారి బతుకు అందులో ఒదగవని అనుకోవచ్చు. ఆరు గంటల సిరీస్‌కు ఆ సాకు లేదు. కనుక తాడిపత్రి నేపథ్యంతో వచ్చిన ‘రెక్కీ’ (2022)ని గాని, మదనపల్లె నేపథ్యంతో విలేకరుల లోకాన్ని చూపిన ‘న్యూసెన్స్’ (2023)ను గాని చూసినప్పుడు, చేతికి వచ్చిన ఆ అదనపు కాలాన్ని కథకులు దేనికి వాడారన్నదే ఇక్కడి ప్రేక్షకులు మొదట అడగవలసిన ప్రశ్న. ‘న్యూసెన్స్’ వార్త ఎలా అమ్ముడవుతుందో చూపించే ప్రయత్నం చేసి, సీమ కథకు కక్ష కాని వస్తువు ఉందని నిరూపించినందుకైనా గుర్తుంచుకోదగినది.

యాస విషయంలోనూ అంతే. తమిళం తాకిన చిత్తూరు మాట, కన్నడం తాకిన అనంతపురం మాట, ఉర్దూ కలిసిన నంద్యాల మాట ఒకటి కావని ఇక్కడి చెవికి తెలుసు. మూడింటినీ కలిపి ఒక కల్పిత ‘సీమ యాస’ను పాత్రల నోట పెట్టినప్పుడు అది ఎక్కడ బెసికిందో పట్టి చెప్పగలిగినది ఆ చెవే. రాజకీయ కథల విషయంలో ఈ అధికారం ఇంకా విలువైనది. 1977లో నీలం సంజీవరెడ్డిని, 1991 ఉపఎన్నికలో పి.వి. నరసింహారావును లోక్‌సభకు పంపిన నంద్యాలలో రాజకీయ జ్ఞాపకం లోతైనది. ఇద్దరు నాయకుల స్నేహాన్నీ పోటీనీ కల్పనగా మలచిన దేవ కట్టా ‘మయసభ’ (2025) వంటి సిరీస్‌లో జరిగినదెంత, అల్లినదెంత అన్నది ఆ కాలాన్ని చూసిన పెద్దలు ఇంట్లోని పిల్లలకు విప్పి చెప్పకపోతే, తెర మీద చూసినదే చరిత్రగా స్థిరపడుతుంది.

తప్పు చూపడంతో పాటు ఏది కావాలో చెప్పడానికీ ఈ ఊళ్లకు సరుకు ఉంది. ఆళ్లగడ్డ శిల్పుల చేతుల్లో రాయి దేవతామూర్తిగా మారే పని, ఆ పని నేర్చుకునే పిల్లలు, దాని కోసం దూరం నుంచి వచ్చే గుడి పెద్దలు. సంక్రాంతి తరువాత అహోబిలం నుంచి బయలుదేరి, చెంచులక్ష్మితో తన పెళ్లికి పిలవడానికి నరసింహస్వామి నలభై రోజులకు పైగా ఊరూరా పల్లకిలో తిరిగే పార్వేట, ఆ పల్లకి ఆగే ప్రతి ఊరిలోనూ దానికై ఎదురుచూసే కుటుంబాలు: ఒక సీజన్‌కు చాలినంత కథ ఇందులో ఉంది. సీమ మీద వచ్చిన సిరీస్ నచ్చలేదన్న ప్రతి సంభాషణలోనూ ఈ పేర్లు కూడా వినిపిస్తే, అందులో ఏదో ఒకటి రాసేవారి చెవిన పడే అవకాశం ఉంది.