కోళ్లకు వచ్చు కొక్కెర తెగులు

పల్లెటూరి గృహస్థునకు కోళ్లు లెక్కకు రాని సంపద. పొలము పట్టాలో నుండును. గేదె సంఘపు అప్పు పద్దులో నుండును. పెట్టలు పది యున్నవో పదునైదున్నవో ఇల్లాలికి దప్ప మరియొకరికి దెలియదు. అయినను పిల్లవాని పుస్తకములకును, సంతనాటి ఉప్పుపప్పులకును, వేళగాని వేళ వచ్చిన చుట్టమునకును ఆదుకొనునది ఆ గంపక్రింది సొమ్మే. దానిని మూడు నాలుగు దినములలో తుడిచిపెట్టు వ్యాధి యొకటి కలదు. మనవారు దానిని కొక్కెర తెగులందురు. పశువైద్యులు రాణిఖేతు వ్యాధి యందురు.

1926వ సంవత్సరమున జావా ద్వీపమునందును, ఇంగ్లండులోని న్యూకాసిలు పట్టణ పరిసరములందును ఈ వ్యాధిని మొదట గుర్తించిరి. మరుసటి యేట కుమాయూను కొండలలోని రాణిఖేతు వద్ద కోళ్లు అట్లే చచ్చుటచే మన దేశమున దీనికా పేరు నిలిచినది. పేరు కొండలదైనను తెగులు మైదానములను విడిచిపెట్టలేదు. దీనికి కారణము కంటికి గానరాని వైరసు. అది రోగపు కోడి రెట్టలోను, ముక్కు నోళ్లనుండి కారు చీమిడిలోను వెడలి, మేతతోను నీటితోను గాలితోను మరియొక కోడిని జేరును.

తెగులు సోకిన కోడి మేత మానును. ఈకలు రేపుకొని, కన్నులు మూసికొని ఒక మూల నిలుచును. నోరు తెరచి, మెడ చాచి, ఊపిరి లాగును. గొంతులో గురగుర వినవచ్చును. రెట్ట నీళ్లవలె పచ్చగను తెల్లగను పడును. కొన్నాళ్లు బ్రతికినచో కాళ్లు రెక్కలు చచ్చుబడి, మెడ మెలిదిరిగి, తల ప్రక్కకో వెనుకకో వాలిపోవును. గ్రుడ్లు పెట్టునవి పెట్టుట మానును, లేదా తోలుగ్రుడ్లు పెట్టును. కొన్ని యే గుర్తును జూపక తెల్లవారుసరికి గూటిలో చచ్చి పడియుండును. టీకా లేని మందలో నూటికి తొంబది పోవుటయు కలదు.

ఇందు రైతులు ముఖ్యముగా గ్రహింపవలసినది మరియొకటి. తెగులు లోపల బ్రవేశించిన వెంటనే బయటపడదు. సాధారణముగా అయిదారు దినములు, ఒకప్పుడు రెండు దినములు, ఒకప్పుడు పదునైదు దినములును పట్టును. కాబట్టి చచ్చిన కోడి ప్రక్కన చురుకుగా గింజలేరుకొనుచున్న పెట్టను జూచి ఇది మంచిదే యని యెవ్వరును చెప్పజాలరు.

ఈ వ్యాధికి మందు లేదు. ఉల్లిరసము, పసుపు, మిరియములు పోయుచుందురు. అంగడినుండి మాత్రలు దెచ్చి నీళ్లలో కలుపుచుందురు. ఆ మాత్రలు సూక్ష్మక్రిములవలన వచ్చు కోళ్ల కలరా వంటివానికి పనిచేయునేమో గాని వైరసును చంపలేవు. మందు పోసిన పిదప బ్రతికిన కోడి తన బలముచేతనే బ్రతికినది.

మందు లేదని తెలిసిన గృహస్థు చేయుపని యేమి? మొదటి కోడి చచ్చిననాడే మిగిలినవానిని గంపకెత్తి సంతకు పంపును. లేదా వాకిటికి వచ్చిన బేరగానికి సగము వెలకిచ్చివేయును. తెగులు ఊరూర తిరుగుటకు గాలికంటెను కాకికంటెను ఇదియే పెద్ద కారణమని మా యభిప్రాయము. బేరగాని గంపలో నాలుగూళ్ల కోళ్లు ఒకదానిపై నొకటి యుండును. సంతలో అమ్ముడుపోనివి సాయంకాలమునకు మరియొక పల్లె చేరును. అచట కొన్న పేదరాలి మంద వారము దిరుగకుండ పోవును. ఆమెయు మిగిలినవానిని సంతకే పంపును. ఈ త్రోవనే మన కోళ్లకును తెగులు వచ్చియుండును గదా! పది కోళ్లే ఆధారమైన యింటివారికి అమ్మవద్దని చెప్పుట మాకు సులభము, వారికి కష్టము. ఆ సంగతి మేమెరుగుదుము. అందుచేత సంఘములు ఇంటికింతయని కొద్ది సొమ్ము ప్రోగుచేసి, తెగులుకాలమున అమ్మకుండ నిలిపిన సభ్యులకు పిమ్మట టీకా వేసిన పిల్లలను కొనియిచ్చు నేర్పాటు చేసికొనిన, ఆ మాట వినువారుందురు. ఊరక చెప్పిన వినరు.

మొదటి కోడి చచ్చిననాడు చేయవలసిన పనులు చెప్పెదము. మిగిలినవానిని బయట తిరుగనీయక మూయవలెను. మూలుగుచున్నవానిని వేరుచేయవలెను. మంచివానికి ముందు మేత, నీరు పెట్టి, రోగపువానిని తరువాత చూడవలెను; పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఈ తెగులు మనుష్యులకు సోకిన కన్నులు కొన్నాళ్లు ఎర్రబడుటయే గాని అంతకు మించి సామాన్యముగా జరుగదు. చచ్చినదానిని పెంటమీదనో కాలువలోనో పారవేసినచో కుక్కలు కాకులు ఈడ్చి తెగులును వీధివీధికి పంచును. లోతుగా గోయి త్రవ్వి సున్నము చల్లి పూడ్చవలెను. పోవుచున్నది గదా యని కోసి వండుకొనుట కొందరి యలవాటు. ఆ ఈకలు, ప్రేగులు, కడిగిన నీళ్లు ఎచటికి పోవునో తలంచుకొనవలెను. అంతేగాక మూకుమ్మడిగా కోళ్లు చచ్చినపుడు అది కొక్కెర తెగులో, మనుష్యులకు సైతము ప్రమాదమైన బర్డుఫ్లూయో కంటితో జూచి నిర్ణయింపరాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డుఫ్లూ బయటపడుట పెక్కురకు జ్ఞాపకముండును. కావున కోయక, ఆనాడే పశువైద్యశాలకు వార్త పంపవలెను. ఇది మంచిమాట మాత్రమే కాదు. 2009వ సంవత్సరపు పశువుల అంటువ్యాధుల చట్టము ప్రకారము యజమానికి విధి.

ఇక రక్షణ టీకా ఒక్కటే. వారము లోపు పిల్లలకు కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క వేయు లసోటా లేదా ఎఫ్ టీకా. ఎనిమిది వారముల వయసున రెక్కక్రింద సూదితో వేయు ఆర్.2.బి. టీకా, ఆపై వైద్యుడు చెప్పిన గడువున మరల. ఈ రెండవది 1940ల దశకమున కుమాయూనులోనే ముక్తేశ్వర పరిశోధనాలయమున సిద్ధమైనది. ఇది ఘాటైనది, ఆరు వారములు నిండని పిల్లలకు వేయరాదు. టీకాకు వారము ముందు ఏలికపాముల మందు పోయించుట మేలు.

టీకా వెల స్వల్పమే. మరి పల్లెలలో ఏల వేయించుకొనరు? సీసా ఒక్కటి సాధారణముగా నూరు కోళ్లకో అంతకు మించియో సరిపోవును. దానిని చల్లని పెట్టెలో మంచుతో దేవలెను. ఒకసారి కలిపిన పిమ్మట గంట రెండు గంటలలో ముగింపవలెను. ఎండ తగిలిన పాడగును. పది కోళ్ల రైతు తొంబది మోతాదులు పారబోయుటకు సీసా కొనునా? ఇది ఒంటరిగా సాగని పని, సంఘమునకు తగిన పని. కార్యదర్శి వీధివారీగా కోళ్ల లెక్క వ్రాసికొని, పశువైద్యశాలవారితో దినము నిశ్చయించి, ముందురాత్రి దండోరా వేయించిన చాలును. తెల్లవారుజామున గూళ్లు తెరువకముందే పని మొదలుపెట్టవలెను. ఒకసారి వదలిన నాటుకోడిని పట్టుట ఎవరి తరము? ఒక వీధి విడిచినచో తెగులునకు ఆ వీధిలో చోటు దొరకును గనుక సభ్యులు కానివారి కోళ్లకును వేయవలెను.

టీకా వేయగా కోళ్లు చచ్చెనను ఫిర్యాదు మేము పలుతావుల వింటిమి. విచారింపగా, ప్రక్కవీధిలో తెగులు ప్రవేశించిన పిదప తొందరపడి వేయించినవే పెక్కు. అప్పటికే లోపల తెగులున్న కోడిని టీకా కాపాడదు. మంచి కోడికైనను బలము కుదురుటకు వారము పదిదినములు పట్టును. కాబట్టి ఊరు చల్లగా నున్నపుడే వేయింపవలెను. సంక్రాంతికి కోళ్లు ఊళ్లు మారునట్లు మరి యెప్పుడును మారవు. పందెములను 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టము నిషేధించినను పుంజుల రాకపోకలు ఆగలేదు. అందుచే కార్తికమాసములో ఒకసారి, ఎండలు ముదురకముందు ఫాల్గుణములో మరియొకసారి ఊరంతటను చూచుకొని, గడువు వచ్చినవానికిని క్రొత్తగా ఎదిగినవానికిని వేయించుట మంచిది.

తెగులు వచ్చిపోయిన యింట వెంటనే క్రొత్తకోళ్లను దేరాదు. గూటిలోని రెట్ట, గడ్డి తీసి కాల్చి, గూడు కడిగి సున్నము కొట్టి, ఎండకు వదలి, ఒక నెల ఖాళీగా నుంచవలెను. గంపలను ఉడుకునీటితో కడుగవలెను. పిదప తెచ్చినవానిని, అవి యెంత నమ్మకమైనచోటివైనను, మూడు వారములు పాతవానితో కలుపక వేరు గంపక్రింద నుంచి చూడవలెను.