చదువక వేసిన ఓటు

మొదట నా తప్పు నొకటి చెప్పుకొని, తరువాత విషయములోనికి వచ్చెదను. గడచిన కార్తికమాసమున ఒకనాటి ఉదయము, పొయ్యిమీద పాలు పొంగుటకు సిద్ధముగా నున్న సమయమున, మా బంధువుల వాట్సాపు గ్రూపులో ఒక సందేశము వచ్చినది. "వదినలూ, పిన్నులూ, అందరూ వినండి. మా అమ్మాయి వంద మాటల కథల పోటీకి కథ రాసింది. ఈ లింకు నొక్కి ఓటెయ్యండి. రేపు రాత్రిదాకానే గడువు" అని మా ఆడపడుచు వ్రాసినది. ఒకచేత గరిటె పట్టుకొని రెండవచేత లింకు నొక్కితిని, ఓటు వేసితిని, పాలు దింపితిని. కథ చదువలేదు.

మఱునాటి మధ్యాహ్నము తీరిక దొరకిన పిమ్మట సిగ్గుపడి చదివితిని. ఒక మామ్మ, ఒక మనుమడు, ఒక సెల్లు ఫోను, కడపట మనుమనికి బుద్ధి వచ్చుట. చెడ్డకథ కాదు, మన మెఱిగిన కథయే. అంతటితో ఆగక ఆ పట్టికలో క్రిందికి, ఇంకను క్రిందికి పోగా, అట్టడుగున మూడు ఓట్లతో పడియున్న యొక కథ కనబడినది. ఒక లంకగ్రామములో వరదనీరు గుమ్మము దాటుచున్నది. అత్తగారు పొదుగుచున్న కోడిని బుట్టతో గూడ అటకమీద పెట్టినది. ఆ తావున బియ్యపుమూట పెట్టదలచి కోడలు బుట్టను దింపబోయినది. గ్రుడ్డులో సన్నని కిచకిచ వినవచ్చినది. కోడలు చేయి వెనుకకు తీసికొన్నది. అంతే కథ. నేను చాలసేపు ఆ ఫోనును చేతనుంచుకొని కూర్చుంటిని. కాని నాకున్న ఓటు ఒక్కటి. దానిని పాలతోబాటు నిన్ననే దింపివేసితిని.

నాటినుండి ఈ కథలపోటీల ఓట్లు ఎవరు వేయుచున్నారు, ఎవరు వేయకున్నారు, ఎందుచేత వేయుచున్నారు అను ప్రశ్న నన్ను విడువలేదు. నేను చెప్పిన పోటీ యెవరిదో ఇచట అనవసరము. ఇట్టివి అనేకము జరుగుచున్నవి.

ఇంత చిన్నకథ మనకు క్రొత్తది కాదు. కొడవటిగంటి కుటుంబరావుగారు గల్పికలు వ్రాసిరి. పోస్టుకార్డునందు ఇముడునట్టి కార్డుకథలను మన పత్రికలు ప్రకటించినవి. ఇంగ్లండులో 1980వ దశకమున బర్మింగుహాము విశ్వవిద్యాలయపు విద్యార్థులు సరిగా నూఱు మాటలలో ముగియు కథకు ‘డ్రాబుల్’ అని పేరు పెట్టిరి. మన భాషలో విభక్తులు మాటను అంటుకొనియుండును గనుక, ఇంగ్లీషువారి నూఱు మాటలకంటె మన నూఱు మాటలలో ఎక్కువ సంగతి పట్టును. సంధులు కలిపి మాటల లెక్క తగ్గించు గడుసువారును కలరు. వారి నేమియు అనరాదు, వ్యాకరణము వారి పక్షముననే యున్నది.

గోదావరి మండలములందు స్త్రీల వ్రాతలు అచ్చగుటయు ఇప్పటి మాట కాదు. 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు ఏలూరునందు ‘హిందూసుందరి’ మాసపత్రికను ఆరంభించిరి. కొంతకాలమునకు అది కాకినాడకు చేరి స్త్రీల సంపాదకత్వముననే నడచినది. భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ కథ 1902లో ఆ పత్రికయందే వెలువడినది. ఆనాడు వ్రాసిన యువతి కాగితము మడిచి తపాలాలో వేసి, సంపాదకుల తీర్పునకు ఎదురుచూడవలసియుండెను. ద్వారము ఒక్కటి, దానికి కావలి యొకరు. నేడు ఆ కావలి లేదు. 2014లో బెంగుళూరునందు ఆరంభమైన ‘ప్రతిలిపి’ వంటి తావులలో తెలుగు మొదలుగా అనేక భారతీయభాషలలో ఎవ్వరైనను వ్రాసి ప్రకటించుకొనవచ్చును. చదివినవారు ఐదు నక్షత్రములలో తమకు తోచినన్ని యిచ్చి, నాలుగు మాటలు సమీక్షయు వ్రాయవచ్చును. వంట ముగించి పడుకొనబోవుముందు అఱచేతిలోని ఫోనుపై కథ వ్రాయు గృహిణి అచ్చమాంబగారి కాలమున ఊహకైనను అందదు.

అయితే ద్వారము తెఱచినంత మాత్రమున అందఱును లోనికి వత్తురా? జేకబ్ నీల్సన్ అను డెన్మార్కు దేశీయుడు 2006లో ఒక స్థూలమైన లెక్క చెప్పెను. ఇంటర్నెట్టులో కూడినవారు నూఱుగురైనచో తొంబదిమంది చూచి పోవుదురు, తొమ్మండుగురు అప్పుడప్పుడు ఒక మాట వ్రాయుదురు, తఱచుగా వ్రాయువారు ఒక్కరే యని. ఇది మన పేరంటములలో చూచుచున్నదే. పాట పాడుడనగా ఒకరు పాడుదురు. కొందఱు గొంతు కలుపుదురు. తక్కినవారు తాంబూలమునకై చూచుచుందురు. కథలపోటీలో మాత్రము ఒక వింత యున్నది. నిత్యము వచ్చి కథలు చదువు ఆ తొంబదిమంది ఓటు వేయకయే పోవుదురు. ఓటు వేయువారిలో అనేకులు నావలె పిలుపుమీద వచ్చి, ఒక్క కథపై నొక్కి, మఱి తిరిగి చూడరు. చదువువారు వేఱు, వేయువారు వేఱు అయినచో ఆ లెక్క కథను గుఱించి యేమి చెప్పగలదు?

మొదటి గంటలో పడిన ఓటుల ప్రభావము మఱియు విచిత్రమైనది. సంతలో నలుగురు మూగిన దుకాణమునకే అయిదవవారు పోవుదురు. దీనిని శాస్త్రీయముగా పరీక్షించిన వారును కలరు. 2006లో సాల్గనిక్, డాడ్స్, వాట్స్ అను మువ్వురు అమెరికాలో ‘సైన్సు’ పత్రికయందు ఒక ప్రయోగమును ప్రకటించిరి. పేరు లేని వాద్యబృందముల పాటలు 48 తీసికొని 14,341 మంది యెదుట పెట్టిరి. కొందఱికి పాటలు మాత్రమే చూపిరి. తక్కినవారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపువారు ఏ పాటను ఎందఱు తీసికొనిరో ఆ లెక్కయు చూపిరి. లెక్క కనబడిన గుంపులలో ముందున్న పాటకును వెనుకనున్న పాటకును నడుమ దూరము పెరిగినది. అంతేకాదు, ఒక గుంపులో పైకెక్కిన పాట వేఱొక గుంపులో క్రిందబడినది. మిక్కిలి మంచిది అడుగున పడుటయు, మిక్కిలి చెడ్డది మొదటికి వచ్చుటయు అరుదే. నడుమ నున్నవాని గతి మాత్రము ఇట్లని చెప్పుటకు వీలులేకపోయెను. 2013లో ఇంకొక మువ్వురు పరిశోధకులు ఒక వార్తల వెబ్‌సైటులోని లక్షకు పైగా వ్యాఖ్యలతో ప్రయోగము చేసి, కొన్నిటికి మొదటి ఓటు తామే అనుకూలముగా వేసి చూచిరి. వాని తుది లెక్క సగటున నూటికి 25 వంతులు పెరిగినది. ప్రతికూలముగా వేసిన మొదటి ఓటును మాత్రము తరువాతివారు సరిదిద్దిరట. మెచ్చుకోలు అంటుకొనునంత వేగముగా నింద అంటుకొనలేదనుట నాకు కొంత ఊరట కలిగించినది.

మా ఆడపడుచు సందేశమును ఉదయముననే పంపుటలోని నేర్పు ఇప్పుడు నాకు తెలిసినది. ఆమెకు ఈ పరిశోధనలు తెలియవు. పెండ్లిండ్లు చేసిన అనుభవము చాలును.

బంధుప్రీతిచే ఓటు వేయుట మన యింటి దోషము మాత్రమే కాదు. 2007లో ‘ఇండియన్ ఐడల్’ పాటలపోటీలో ప్రశాంత్ తమాంగ్ కొఱకు డార్జిలింగు కొండలవారు చందాలు పోగుచేసి మఱీ ఓట్లు పంపిరి, అతడు గెలిచెను. అంతకుముందు 2006లో మన హైదరాబాదు యువకుడు కారుణ్య తుదివఱకు వచ్చి సందీప్ ఆచార్య చేతిలో ఓడినప్పుడు తెలుగిండ్లలో ఎంతటి విచారము! మన మాతనికి ఓటు వేసినది గానమునకా, తెలుగుతనమునకా? రెంటికిని అనినచో నేను తప్పు పట్టను. ఐరోపావారి యూరోవిజన్ పోటీలో తమ దేశపు పాటకు తాము ఓటు వేసికొనరాదు. అయినను ఇరుగుపొరుగు దేశములు పరస్పరము ఓట్లు ఇచ్చుకొనుట మానలేదు. అందుచేత 2009 నుండి తుదిపోటీలో ప్రేక్షకుల ఓటుతోబాటు సంగీతము తెలిసినవారి తీర్పునకు సగముపాలు ఇచ్చిరి. ఆడపడుచు కూతునకు ఓటు వేయరాదని మనము నియమము పెట్టినచో ఎన్ని కాపురములలో మాటలు ఆగునో!

కథలకు సంబంధించిన పెద్ద తగవు అమెరికాలో హ్యూగో బహుమానముల విషయమున జరిగినది. అచట సభ్యులైన పాఠకుల ఓటే తీర్పు. 2015లో కొందఱు ముందుగా పేర్లపట్టికలు పంచి, కట్టుగా తమవారినే పోటీలో నిలిపిరి. తక్కిన సభ్యులు ఆగ్రహించి, చిన్నకథతో కూడ అయిదు విభాగములలో ‘ఎవరికిని బహుమానము వలదు’ అని ఓటు వేసిరి. కోపము న్యాయమే కావచ్చును. ఆ యేట మాత్రము చిన్నకథకు బహుమానము లేకపోయినది.

మఱి తీర్పరులకే విడిచిపెట్టినచో? అత్తిలి దగ్గఱి తిరుపతిపురమున 1915లో జన్మించి, కాకినాడ కళాశాలలో శాస్త్రము బోధించిన పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ న్యూయార్కు హెరాల్డు ట్రిబ్యూన్ పత్రిక నడపిన ప్రపంచకథల పోటీలో 1952లో రెండవ బహుమానము పొందినది. గాలివానలో చిక్కిన రైలు, నియమములు గల ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె: ఇంతే అందలి సంగతి. ఆ తీర్పరులలో ఎందఱికి అత్తిలి యెచట నున్నదో తెలిసియుండును? ఆయన బంధువులు ఎందఱో వారికి పని లేదు. ఇది చూచి ఓటు నెత్తివేసి తీర్పరులనే ఉంచుడని చెప్పుటకు నాకు మనస్కరింపదు. తీర్పరులకును అభిరుచులు, పక్షములు ఉండును. వారి నడుమ స్త్రీ పేరును వెదకికొనవలసిన రోజులు చాలకాలము నడచినవి.

మీదు మిక్కిలి, ఓటన్నది మనకు ఊరక చిక్కిన వస్తువు కాదు. మన గోదావరి మండలములు చేరియుండిన మద్రాసు రాజధానిలో 1921లో శాసనసభ స్త్రీలకు ఓటు నొసగినది. ఆస్తి, పన్ను మొదలగు నిబంధనలచే అది కొద్దిమందికే దక్కినది. 1951–52లో స్వతంత్రభారతపు తొలి సార్వత్రిక ఎన్నికలనాడు దాదాపు 28 లక్షల మంది స్త్రీలు ఓటర్ల జాబితాకు ఎక్కలేకపోయిరి. వారు స్వనామము చెప్పక, ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి కూతురు’ అని మాత్రమే వ్రాయించుకొనిరి. వారిలో ఎక్కువమంది ఉత్తరదేశపు రాష్ట్రములవారు. దీనిని తలచినప్పుడు మా వీథిలోని యొక యిల్లు జ్ఞప్తికి వచ్చును. అచట పోటీకి ఫోను నంబరొకటికి ఓటొకటి. ఇంటిలో ఆడవారు నలుగురు, వారి చేతికి వచ్చు ఫోను ఒక్కటి. పెద్దకోడలు కథలన్నియు చదివి, ఒకటి మెచ్చి, నొక్కబోగా ‘మీ ఓటు ఇదివఱకే పడినది’ అని వచ్చినది. మామగారు తమ మిత్రుని కుమారునికి ఉదయముననే వేసియుండిరి.

నిర్వాహకులు విందురేని నేను కోరునది స్వల్పము. గడువు ముగియువఱకు ఓట్ల లెక్కను, రచయితల పేర్లను దాచవలెను. కథలను వచ్చినవారికెల్ల ఒకే వరుసలో గాక మార్చి మార్చి చూపవలెను. ఒక కథకు ఓటు వేయుటకు ముందు తక్కినవానిలో మూడింటినైన తెఱచి చూడవలెనను నిబంధన పెట్టవలెను. ఇవి జరుగువఱకు నేను చేయుచున్న దేమనగా, పట్టికను అడుగునుండి పైకి చదువుచున్నాను. కొన్ని కథలు నిజముగానే అడుగున నుండదగినవి. ఆ సంగతియు దాచను.

కోడిబుట్ట కథ వ్రాసినామెకు నాలుగు వాక్యములు వ్రాసితిని. కలముపేరు తప్ప నేనేమియు ఎఱుగను. మూడు దినములకు జవాబు వచ్చినది. కోనసీమలోని లంకయట. తాను వ్రాయుచున్నట్లు అత్తవారింట ఎవరికిని తెలియదట. కలముపేరు అందుకొఱకే. అందుచేత ఓటు వేయుడని ఎవరిని అడుగగలదు? అడిగినచో పేరు బయటపడును. మూడు ఓట్లలో ఒకటి తనది, ఒకటి చిన్ననాటి చెలికత్తెది. మూడవది ఎవరిదో ఆమెకే తెలియదట. దానిని గుఱించి రెండు పంక్తులు వ్రాసినది.

వరద తగ్గిన పిమ్మట కోడి ఎన్ని పిల్లలను చేసినదని అడిగితిని.

"ఏడండి" అని వచ్చినది.