రంగుల చార్టు చూశావట్రా మనవడా?

పదో తరగతి అయ్యేసరికి ఎంపీసీయా, బైపీసీయా, ఐటీఐయా, పాలిటెక్నిక్కా అని ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. మార్కులు చూస్తారు, ఫీజులు చూస్తారు, పక్కింటి అబ్బాయి ఏం తీసుకున్నాడో ఇంకా శ్రద్ధగా చూస్తారు. కళ్ళ సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు.

నీకు రైలు నడపాలనుందనుకో. పది తరవాత ఐటీఐ గానీ డిప్లొమా గానీ చేసి, అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష రాయాలి. రాశావు, గట్టెక్కావు. అప్పుడొస్తుంది ఏ-వన్ మెడికల్. డాక్టరు గారు ఓ పుస్తకం తెరుస్తారు. పేజీ నిండా రంగు చుక్కలు, వాటి మధ్య దాక్కున్న అంకె. జపాను డాక్టరు ఇషిహారా 1917లో అచ్చువేయించిన పరీక్ష అది. ఎరుపూ ఆకుపచ్చా వేరువేరుగా తోచని కంటికి ఆ అంకె దొరకదు. రైలింజను ఆశ అక్కడితో సరి! పుట్టుకతో వచ్చిన లోపం కాబట్టి మందులతో పోదు. మర్చంట్ నేవీలోనూ ఇదే తంతు.

అప్పటిదాకా తెలియదా అంటావా? తెలియదురా. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న లోకమే వాడికి లోకం. టమాటా ఎరుపని అందరూ అంటే తనూ అంటాడు. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కీ ఈ లోపమే. 1794లో తన చూపు గురించి తానే ఒక వ్యాసం చదివాడు. కంట్లో ద్రవం నీలంగా ఉండబట్టే ఇలా అయిందని ఆయన ఊహ. తను పోయాక కళ్ళు పరీక్షించమని చెప్పి మరీ పోయాడు, 1844లో. చూస్తే ద్రవం తేటగానే ఉంది. దాచి ఉంచిన ఆ కళ్ళ ముక్కల్లోంచి 1995లో డీఎన్ఏ తీసి చూశారు. ఆకుపచ్చను పట్టే వర్ణకం తాలూకు జన్యువే లేదట! నూటయాభై ఏళ్ళు ఆగి జవాబు చెప్పిన కళ్ళు.

ఎరుపు, ఆకుపచ్చ వర్ణకాల జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద పక్కపక్కనే ఉంటాయి. ఆడపిల్లకు ఎక్స్‌లు రెండు. ఒక తాళంచెవి పోయినా ఇంకోటుంటుంది. మగపిల్లాడికి ఉన్నది ఒక్కటే, అదీ అమ్మ ఇచ్చిందే. అందుకే మీ అమ్మ వాళ్ళ నాన్నకున్న లోపం, అమ్మకు ఏ ఇబ్బందీ కలిగించకుండానే, నీ దగ్గర బయటపడొచ్చు. యూరప్ మగవాళ్ళలో నూటికి 8 మందికి ఉంటుంది, మన దగ్గర అంతకన్నా తక్కువే. ఈసారి అమ్మమ్మ గారింటికి వెళ్ళినప్పుడు మేనమామల్ని కాస్త ఆరా తియ్యి.

నన్నడిగితే ఈ చార్టు తొమ్మిదో తరగతిలోనే ప్రతి పిల్లాడికీ చూపించాలి. కంటి డాక్టరు దగ్గర నిమిషాల్లో తేలిపోయే పని. ఫోన్లో చూసి తేల్చుకోకు, తెర రంగుల్ని నమ్మలేం.

అంకె కనబడకపోయినా తలుపులన్నీ మూసుకోవు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్‌కి ఎంపికైన ఒకతనికి ఈ కారణంగానే సీటు ఇవ్వలేదు. 2022లో సుప్రీంకోర్టు, అక్కడి ఏ కోర్సుకూ ఇది అడ్డు కాకూడదని చెప్పింది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో రెసిస్టర్ల మీద రంగు పట్టీలు చదవడం కష్టమవుతుందేమో. అయితే ఏం, మీటరు పెట్టి కొలుచుకో.