ముక్క పరీక్ష చెప్పనిది జన్యువు చెబుతుంది

మూత్రం ఎర్రగా వచ్చిందంటే అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో మొదట వినిపించే మాట "వేడి చేసింది". సబ్జా గింజలు నానబెడతారు, కొబ్బరి బొండం కొట్టిస్తారు. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, ఆ సంగతి మరిచిపోతారు. మూత్రాశయ క్యాన్సర్‌తో చిక్కే అది. నొప్పి ఉండదు. రక్తం ఒకరోజు కనబడి, మళ్లీ నెలల తరబడి కనబడకపోవచ్చు.

పైగా ఇది చుట్టల ప్రాంతం. నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ పీల్చే ఆడవాళ్లు ఉత్తరాంధ్ర తీరం పొడవునా ఉన్నారు. అడ్డపొగ అనగానే అందరికీ అంగిలి క్యాన్సరే గుర్తుకొస్తుంది. కానీ పొగలోని ఆరోమాటిక్ అమైన్లు నోటితో ఆగవు. రక్తంలో కలుస్తాయి, కిడ్నీలు వాటిని వడగట్టి మూత్రంలోకి పంపుతాయి, ఆ మూత్రం గంటల తరబడి మూత్రాశయంలో నిలవ ఉంటుంది. అమెరికాలో తేలిన లెక్క ప్రకారం మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణం.

విశాఖ కేజీహెచ్‌కో, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లాక మూత్రాశయంలోకి గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపుతారు. రిపోర్టులో ముఖ్యంగా చూసేది రెండు సంగతులు: కణాలు ఎంత వికృతంగా ఉన్నాయి, కణితి కండరంలోకి దిగిందా లేదా. కొత్తగా బయటపడే కేసుల్లో సుమారు నాలుగింట మూడు కండరం దాకా వెళ్లనివే. మరి ఒకే రిపోర్టు వచ్చిన ఇద్దరిలో ఒకరు పదేళ్లు బాగుండి, మరొకరు రెండేళ్లకే ఎందుకు పోతున్నారు? సూక్ష్మదర్శినిలో కనిపించే ఆకారం కింద, జన్యువుల్లో తేడా ఉంది.

మనిషి కణితిలో ఒక జన్యువు ఎక్కడ, ఎలా చెడిందో మొట్టమొదట అక్షరంతో సహా చదివింది మూత్రాశయ క్యాన్సర్‌లోనే. ఆ పని చేసినవాళ్లలో ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నారు. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో మరియానో బార్బాసిడ్ తదితరులతో కలిసి, టీ24 అనే కణాల వరసను పట్టుకున్నారు. ఒక వృద్ధురాలి మూత్రాశయ కణితి నుంచి పెంచిన కణాలవి. వాటిలోని హెచ్‌రాస్ జన్యువును మామూలు హెచ్‌రాస్ పక్కన పెట్టి చదివితే తేడా ఒకే ఒక్క అక్షరం: జీ ఉండాల్సిన చోట టీ. దానివల్ల 189 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌లో 12వ స్థానంలో గ్లైసీన్ పోయి వాలీన్ వచ్చింది. పని కాగానే ఆగిపోవాల్సిన మీట తెరిచే ఉండిపోయింది. 1982 నవంబరులో, ఇదే తేడా కనుక్కున్న రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం వ్యాసమూ, రెడ్డి బృందం వ్యాసమూ 'నేచర్' పత్రిక ఒకే సంచికలో పక్కపక్కన అచ్చయ్యాయి. పాఠ్యపుస్తకాల్లో వైన్‌బర్గ్ పేరే ఎక్కువ కనిపిస్తుంది. మన పిల్లలకు రెండో పేరు కూడా చెప్పాలి.

అయితే ఒక్క అక్షరం కథ అంత తేలిగ్గా ముగియలేదు. 2014లో అమెరికా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ వాళ్లు కండరంలోకి దిగిన 131 మూత్రాశయ కణితులను చదివితే, ప్రోటీన్లకు సంకేతాలిచ్చే భాగంలోనే ఒక్కో కణితిలో సగటున 302 మ్యుటేషన్లు, అంటే అక్షర మార్పులు తేలాయి. హెచ్‌రాస్ వాటిలో చిన్న పాత్రధారి. పెద్ద పాత్రలు రెండు జన్యువులవి, ఎఫ్‌జీఎఫ్‌ఆర్3, టీపీ53. పైపైన ఉండే, నెమ్మదిగా పెరిగే కణితుల్లో ఎక్కువ భాగం ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 చెడినవి. అవి మళ్లీ మళ్లీ మొలుస్తాయి, విసిగిస్తాయి, కానీ ప్రాణం తీయడం అరుదు. కండరంలోకి దిగినవాటిలో దాదాపు సగానికి టీపీ53 చెడి ఉంటుంది. దెబ్బతిన్న కణాన్ని ఆపి, అవసరమైతే చంపే జన్యువు అది. అదే పోయాక కణితికి అడ్డూ ఆపూ ఉండదు. మ్యుటేషన్ అంటేనే చావు కబురు అనుకునేవాళ్లు ఈ రెంటి తేడా గమనించాలి.

ఇంకో వింత. పొగాకు విషం నేరుగా అక్షరాలు మార్చేస్తుందనుకుంటాం. మూత్రాశయ కణితుల్లోని మ్యుటేషన్లలో మూడింట రెండు వంతుల మీద కనిపించే ముద్ర మాత్రం అపోబెక్ అనే మన సొంత ఎంజైములది. వైరస్‌ల జన్యువుల్లో అక్షరాలు చెడగొట్టడానికి కణం దాచుకున్న ఆయుధం, గురితప్పి సొంత డీఎన్‌ఏ మీదే పడుతోంది.

పరవాడ, అచ్యుతాపురం రసాయన ఫ్యాక్టరీల మాట ఇక్కడ రాకుండా ఉండదు. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రేన్, రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో మూత్రాశయ క్యాన్సర్‌ను గుర్తించినప్పటి నుంచి బీటా నాఫ్థైలమైన్, బెంజిడీన్ వంటివాటి నేరం రుజువవుతూనే వచ్చింది. కానీ ఫ్యాక్టరీ గొట్టం కనబడినంత మాత్రాన క్యాన్సర్ దానిదే అనలేం. ఏ రసాయనం, ఎన్నేళ్లు అన్నది తేలాలి. అందుకే ప్లాంటులో పనిచేసేవాళ్లు తాము ముట్టుకునే రసాయనాల పేర్లు తెలుసుకుని, డాక్టరుకు పొగ అలవాటుతో పాటు పని వివరమూ చెప్పాలి.

కిడ్నీ క్యాన్సర్‌లో లెక్క వేరు. అక్కడ సర్వసాధారణమైన క్లియర్ సెల్ రకంలో కథంతా మూడో క్రోమోజోము చిన్న చేతి మీదే నడుస్తుంది. వీహెచ్‌ఎల్, పీబీఆర్‌ఎం1, బాప్1 జన్యువులు మూడూ అక్కడివే. 2018లో బ్రిటన్ శాస్త్రవేత్తలు వెనక్కి లెక్కగడితే, ఆ చేయి పోవడమన్నది చాలామందిలో చిన్నతనంలోనో కౌమారంలోనో జరిగిపోయిందని తేలింది. కణితి కనబడేది మరో నలభై, యాభై ఏళ్లకు. తర్వాత ఏ జన్యువు చెడిందన్న దాన్ని బట్టి రోగి ఆయువు మారుతుంది. 2013లో టెక్సస్ వైద్యులు 145 మందిని పరిశీలిస్తే, పీబీఆర్‌ఎం1 మాత్రమే చెడినవాళ్లలో సగం మంది 10.6 ఏళ్లకు మించి బతికారు. బాప్1 మాత్రమే చెడినవాళ్లలో ఆ గీత 4.6 ఏళ్లకే వచ్చేసింది.

ప్రొస్టేట్ క్యాన్సర్‌లో మ్యుటేషన్లు తక్కువే గానీ కుటుంబానికి సంబంధించినవి ఎక్కువ. 2016లో, ఒళ్లంతా పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న 692 మందిని పరీక్షిస్తే, 11.8 శాతం మందికి డీఎన్‌ఏ మరమ్మతు జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన లోపం ఉంది. అందులో బీఆర్‌సీఏ2ది పెద్ద వాటా. ఆడవాళ్ల రొమ్ము, అండాశయ క్యాన్సర్ల జన్యువని మనం వినే బీఆర్‌సీఏనే ఇది. నాన్న రిపోర్టులో పుట్టుకతో వచ్చిన ఆ లోపం కనబడితే కూతురికీ పరీక్ష అవసరమే.

ఈ అంకెలన్నీ ఎక్కువగా పాశ్చాత్య రోగులవి. శాతాలను యథాతథంగా మన మీద అచ్చు గుద్దకూడదు. మందుల సంగతిలోనూ ఆశ హద్దులో ఉండాలి. ఎఫ్‌జీఎఫ్‌ఆర్ చెడిన, బాగా ముదిరిన మూత్రాశయ క్యాన్సర్‌కు 2019లో అమెరికా అనుమతించిన ఎర్డాఫిటినిబ్, 2023లో వచ్చిన పరీక్ష ఫలితాల్లో సగటు రోగిని 12.1 నెలలు నిలిపింది, కీమో 7.8 నెలలు. నాలుగు నెలల పైచిలుకు లాభం నిజమే, కానీ నయం కావడం కాదు.

కాబట్టి ఎవరికి ఈ పరీక్ష? పైపైన ఉన్న చిన్న మూత్రాశయ కణితికి వేలకు వేలు పోసి జన్యు పరీక్ష చేయించడం కన్నా, డాక్టరు చెప్పిన తేదీకి గొట్టం పరీక్షకు తప్పకుండా వెళ్లడం, చుట్ట పారేయడం మేలు. క్యాన్సర్ పాకినప్పుడు మాత్రం మూత్రాశయానికి ఎఫ్‌జీఎఫ్‌ఆర్, ప్రొస్టేట్‌కు బీఆర్‌సీఏ గురించి మీరే డాక్టరును అడగండి. జవాబును బట్టి మందు మారుతుంది. మరొక్క మాట. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మారేటప్పుడు కాగితాలతో సరిపెట్టకండి. ముక్క పరీక్ష చేసిన ల్యాబు నుంచి స్లైడ్లు, మైనపు బ్లాకులు అడిగి తెచ్చుకోండి. చాలా జన్యు పరీక్షలు ఆ బ్లాకు మీదే చేస్తారు.